పన్నెండింటికల్లా వాగుకి ఇవతల ఉండాలి: మలేషియా అడవి బాటలకీ, తిండికీ కొన్ని జాగ్రత్తలు

పోయిన ఆదివారం రాత్రి పదకొండున్నరకి ఫోన్ మోగింది. మా ఆఫీసులో పనిచేసే ఒకతని తమ్ముడు సెలవులకని హైదరాబాద్ నుంచి వచ్చి, ఇద్దరు స్నేహితులతో కలిసి కౌలాలంపూర్‌కి రెండు గంటల దూరంలో ఉన్న ఒక జలపాతానికి వెళ్లాడు. మధ్యాహ్నం మూడింటికి వాగు పొంగింది. ముగ్గురూ అవతలి ఒడ్డున ఉండిపోయారు. రాత్రి తొమ్మిది దాటాక బొంబా వాళ్లు తాడు కట్టి ఒక్కొక్కర్నీ దాటించారు. ఇక్కడ ఫైర్ సర్వీసుని బొంబా అంటారు. ఒకడికి చీలమండ విరిగింది. బొంబా వచ్చేలోపు ఆగలేక సొంతంగా దాటబోయాడు మరి. ప్రాణాలు దక్కాయి, అదృష్టం.

"వెళ్లేటప్పుడు నీళ్లు మోకాలి దాకా కూడా లేవన్నా" అన్నాడు ఆ అబ్బాయి ఆస్పత్రిలో. పదకొండేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను. ఈ మాట వినడం ఐదోసారో ఆరోసారో. ఒకసారి అన్నది నేనే.

2023 డిసెంబర్ నుంచి భారతీయ పర్యాటకులకి వీసా అక్కర్లేకపోవడంతో మనవాళ్లు బాగా వస్తున్నారు. ట్విన్ టవర్స్, బతు గుహల మెట్లు, గెంటింగ్ అయిపోయాక "ఒక ట్రెక్ కూడా చేద్దాం" అంటున్నారు. చేయండి. ఈ అడవి చూడకుండా వెనక్కి వెళ్తే మాల్స్ చూసి వెళ్లినట్టే. బూట్లు, నీళ్ల సీసా, దోమల క్రీము సంగతి మీకు తెలుసు, వాటి జోలికి పోను.

వాగు

అక్టోబర్, నవంబర్‌లలో పశ్చిమ తీరం వైపు దాదాపు రోజూ ఒకటే తంతు. పొద్దున ఆకాశం కడిగినట్టు ఉంటుంది. పన్నెండు దాటాక కొండల మీద మబ్బు పడుతుంది. రెండు, మూడింటికి ఉరుములు, కుండపోత. ఏప్రిల్, మే నెలల్లోనూ ఇంతే. వాన మీ నెత్తి మీద పడక్కర్లేదు. ఎగువన కొండ మీద పడితే చాలు, ఆ నీళ్లన్నీ కలిసి ఒక్క ఊపున కిందికి వస్తాయి. మలయ్‌లో దీన్ని "కెపాలా ఆయిర్" అంటారు, నీటి తల అని. మన ఏజెన్సీ ఊళ్లలో "వాగు వచ్చింది" అనేది దీన్నే. మన్యంలో పుట్టినవాడు ఆ మాట వింటే గట్టెక్కుతాడు. సిటీలో పెరిగినవాడు ఫోన్ తీసి వీడియో పడతాడు.

2014 జూన్ 8 గుర్తుందా? హిమాచల్‌లో బియాస్ నదిలో దిగి రాళ్ల మీద ఫోటోలు తీసుకుంటూ హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. అక్కడ నీళ్లు వదిలింది డ్యామ్. ఇక్కడ వదిలేది మబ్బు. రాయి మీద నిలబడ్డవాడికి రెండూ ఒకటే.

ఇంతకీ మనవాళ్లు చేసే అసలు తప్పు వాగులో దిగడం కాదు, ఆలస్యంగా బయల్దేరడం. ఇక్కడ తెల్లారేసరికే ఏడవుతుంది. రాత్రి జలాన్ అలోర్ తిండి వీధిలో తిని ఒంటిగంటకి పడుకున్నవాడు ఎనిమిదిన్నరకి లేస్తాడు. మామక్ షాపులో, అంటే తమిళ ముస్లింల హోటల్లో, రెండు రోటీ చనాయ్ (మన పరోటా లాంటిది), పైన ఒక ప్లేటు మీ గోరెంగ్ అనే నూడుల్స్ వేపుడు, రెండు తేతారిక్ అనే పాల టీలు. గ్రాబ్ యాప్‌లో పిలిచిన కారు ఎక్కేసరికి పది. బాట మొదలుపెట్టేసరికి పదకొండున్నర. జలపాతం చేరేసరికి ఒంటిగంట. ఈత, ఫోటోలు, రీల్స్ అయ్యేసరికి రెండున్నర. రోజు మొత్తంలో వాగు పొంగే సమయం ఏదో, సరిగ్గా ఆ సమయానికి వాగులో ఉండేలా టైమ్‌టేబుల్ వేసుకున్నట్టు లేదూ?

కాబట్టి ఏడున్నరకి బాట మీద కాలు పెట్టండి. పన్నెండింటికల్లా తిరుగుదారిలోని చివరి వాగు దాటి ఇవతల ఉండండి. జలపాతం చేరారా లేదా అన్నది ఇందులో లెక్క కాదు. చేరకపోయినా సరే, ఇక పావుగంటే అని ఎదురొచ్చినవాళ్లు చెప్పినా సరే, వెనక్కి తిరగాల్సిన టైముకి తిరగండి. కౌలా కుబు బారు దగ్గర చిలింగ్ జలపాతం లాంటి చోట్ల ఒకే ఏటిని పలుమార్లు దాటుకుంటూ పోవాలి. వెళ్లేటప్పుడు ఎన్నిసార్లు దాటారో వచ్చేటప్పుడూ అన్నిసార్లూ దాటాలి. అక్కడ పన్నెండు అంటే ఆఖరి దాటుడుకి అని గుర్తుంచుకోండి, మొదటి దానికి కాదు.

నీటి తల వచ్చేముందు కొన్ని గుర్తులు కనిపిస్తాయి. తేటగా ఉన్న నీళ్లు తేతారిక్ రంగుకి తిరుగుతాయి. ఆకులు, పుల్లలు గుంపుగా కొట్టుకొస్తాయి. ఎగువన లారీ వస్తున్నట్టు హోరు. ఇందులో ఏ ఒక్కటి కనబడినా చెప్పులు, బ్యాగు వదిలేసి పైకి ఎక్కండి. ఆరేళ్ల కిందట నేను అలా ఒక రాయి మీద కూర్చుని ఉంటే ఒడ్డున ఉన్న పెద్దాయన "నాయిక్! నాయిక్!" అని అరిచాడు. పైకి ఎక్కమని. ఆయన ఎందుకు అరుస్తున్నాడో నాకు అర్థం కాలేదు, ఆ గొంతుకి భయపడి ఎక్కాను. రెండు నిమిషాల్లో ఆ రాయి కనబడలేదు. మలయ్‌లో ఒక్క మాటే నేర్చుకునే ఓపిక ఉంటే ఇది నేర్చుకోండి.

అవతల చిక్కుకుపోతే అవతలే ఉండండి. వాన ఆగాక కొన్ని గంటల్లో నీళ్లు తీస్తాయి. సిగ్నల్ ఉంటే 999 కి ఫోన్ చేయండి. ఎత్తు మీద, ఏటవాలు మట్టి లేని చోట కూర్చోండి. ఆకలేస్తుంది, చలేస్తుంది, ఇంట్లో తిడతారు. తిట్టనివ్వండి.

దారి

కామెరాన్ హైలాండ్స్‌లో బాటలకి నంబర్లు ఉంటాయి. నంబరు ఉంది కదా అని రోడ్డులా ఉంటుందనుకోవద్దు. కొన్నిచోట్ల చెట్టు కూలి బాట మూసుకుపోతుంది, పక్కనుంచి జనం తొక్కిన కొత్త బాటలు నాలుగు పుడతాయి. థాయ్ పట్టుకి ప్రపంచంలో పేరు తెచ్చిన జిమ్ థాంప్సన్ అనే అమెరికన్ వ్యాపారి 1967 మార్చి 26న ఇక్కడే బంగళా నుంచి నడకకి వెళ్లాడు. వందల మంది వెతికారు. ఇప్పటికీ ఆనవాలు లేదు. కిడ్నాప్ అనీ, గూఢచారి అనీ బోలెడు కథలు. నా మట్టుకు నాకు అడవి ఒక్కటే చాలనిపిస్తుంది.

దారి తప్పామని అనుమానం రాగానే ఆగండి. వచ్చిన దారినే చివరిసారి గుర్తుపట్టిన చోటుకి వెనక్కి వెళ్లగలిగితే వెళ్లండి, లేదంటే అక్కడే ఉండి ఈల వేయండి. "వాగు వెంబడి దిగితే ఊరొస్తుంది" అనే తెలివి మాత్రం వద్దు. ఈ కొండల్లో వాగు వెంబడి దిగితే చాలాసార్లు వచ్చేది జలపాతం పైఅంచు. పైగా మళ్లీ వాగులోనే ఉంటారు, అదీ మధ్యాహ్నం.

పెద్ద కొండలకి అటవీ శాఖ పర్మిట్, లైసెన్సు ఉన్న గైడ్ కావాలి. గైడ్‌ని ఇక్కడ "మాలిమ్ గునుంగ్" అంటారు. ఆయన డబ్బుల దగ్గర బేరాలాడకండి. తమన్ నెగారా నేషనల్ పార్కుకి వెళ్లాలనుకుంటే నవంబర్ నుంచి తూర్పు వైపు వరదల కాలమని తెలుసుకుని వెళ్లండి.

తిండి

అడవి జాగ్రత్తల్లో తిండి ఎందుకంటే, ఆలస్యం మొదలయ్యేది అక్కడే కాబట్టి. పొద్దున అరటిపండు, రెండు బ్రెడ్డు ముక్కలు, కాఫీ. విందు దిగొచ్చాక. పన్నెండింటికి వాగుకి ఇవతల ఉన్నవాడు ఒంటిగంటకి బనానా లీఫ్ భోజనంలో ఉంటాడు. ఇంతకంటే మంచి టైమ్‌టేబుల్ నాకు తెలీదు.

నాసి లెమాక్ పొట్లం పొద్దున్నే కొని, మధ్యాహ్నానికని బ్యాగులో పెట్టుకోవద్దు. అది కొబ్బరిపాలతో వండిన అన్నం, పక్కన గుడ్డు. ఈ ఉక్కలో మూసిన బ్యాగులో నాలుగైదు గంటలుంటే పాడవుతుంది. కొన్న చోటే, వేడిగా ఉండగానే తినండి. బాట మీదికి వేయించిన వేరుశనగలు, ఖర్జూరం చాలు. అన్నమే కావాలంటారా, పులిహోర కలుపుకోండి. చింతపండు, నూనె ఉండబట్టే మన పెద్దవాళ్లు ప్రయాణాలకి దాన్నే కట్టుకునేవాళ్లు.

శాకాహారులకి: "సాయుర్" అంటే కూరగాయ, అంతే. శాకాహారం అని కాదు. తోటకూర లాంటి కంకుంగ్ వేపుడులో కూడా బెలచాన్ పడుతుంది. అది రొయ్యల ముద్ద. నాసి లెమాక్ మీద చల్లేవి ఎండు నెత్తళ్లు, సంబల్ అనే కారం ముద్దలోనూ అవే. "బెలచాన్ వద్దు, ఉదాంగ్ వద్దు, ఇకాన్ వద్దు" అని విడివిడిగా చెప్పాలి. ఉదాంగ్ అంటే రొయ్య, ఇకాన్ అంటే చేప. నాసి కందర్ షాపులో "కువా బంజిర్" అంటే అన్ని పులుసులూ కలిపి అన్నం మీద వరదలా పోస్తారు. బంజిర్ అంటే వరదే. మాంసాహారులకి అమృతం, మిగతావాళ్లు ఆ గరిటెకి దూరం. గొడ్డు మాంసం తిననివాళ్లు "దాగింగ్" అనే మాట గుర్తుపెట్టుకోండి. మాటకి అర్థం మాంసమే గానీ మెనూలో ఆ పేరు ఉంటే సాధారణంగా బీఫే. ఆయం కోడి, కంబింగ్ మేక.

పెతాయ్ గింజలు కంపు కొడతాయి, ప్రమాదం లేదు. జెరింగ్ గింజల సంగతి అలా కాదు. పచ్చిది ఎక్కువ తింటే మూత్రంలో స్ఫటికాలు కట్టి మూత్రం బిగుసుకుపోతుంది. చెమటోడ్చి ఒళ్లు ఎండిన రోజున దాన్ని ముట్టుకోవద్దు. "గడుంగ్" అనే అడవి దుంప పొరపాటున కూడా తవ్వుకోవద్దు. ఇక్కడివాళ్లు దాన్ని ముక్కలు కోసి రోజుల తరబడి నీళ్లలో నానబెట్టి విషం తీసిగానీ తినరు.

దురియన్ తినండి. దురియన్ చెట్టు కింద మాత్రం కూర్చోవద్దు, టెంటు అసలే వద్దు. పండిన కాయ తనంతట తనే రాలుతుంది, ఎక్కువగా రాత్రిపూట. రెండు మూడు కిలోల ముళ్లకాయ.

దిగొచ్చాక జ్వరం

దీన్ని మనవాళ్లు పట్టించుకోరు. ఇంటికి వెళ్లాక వారానికో, రెండు వారాలకో జ్వరం వస్తే వైరల్ అనుకుని మాత్ర మింగుతారు. ఎలుక మూత్రం కలిసిన నీళ్ల వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. 2010లో పహాంగ్ రాష్ట్రంలోని లుబుక్ యు అనే చోట నీట మునిగిన మనిషిని వెతకడానికి వెళ్లినవాళ్లకి ఇదీ, మట్టినీటి నుంచి వచ్చే మెలియాయిడోసిస్ అనే మరో జబ్బూ సోకి ఎనిమిది మంది చనిపోయారు. కోతుల నుంచి దోమల ద్వారా వచ్చే ఒక రకం మలేరియా కూడా ఇక్కడి అడవుల్లో ఉంది. డెంగీ ఎలాగూ ఉంది. డాక్టర్ దగ్గర మొదటి మాట "మలేషియా అడవికి వెళ్లాను, వాగులో దిగాను" అనేదే కావాలి. రక్తపరీక్ష అయ్యేదాకా ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు.

ఇక మిగిలినవి వరసగా చెప్పేస్తాను, గుర్తొచ్చినట్టు.

ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో హోటల్లోనో, ఇంట్లోనో ఒకరికి రాసి పంపండి. ఫోన్‌లో మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

పగటి నడకైనా తలకి కట్టుకునే టార్చి తీసుకెళ్లండి. ఆకాశంలో వెలుగున్నా చెట్ల కింద ఆరున్నరకే చీకటి.

గుంపు చీలొద్దు. అందరికంటే నెమ్మదిగా నడిచేవాడి లెక్కనే అందరి లెక్క.

కోతుల ముందు ప్లాస్టిక్ కవరు తీయొద్దు. వాటికి నవ్వు మొహం పెట్టి పళ్లు చూపించొద్దు.

జలగని పీకొద్దు, కాల్చొద్దు. గోరు అడ్డంగా పెట్టి దాని నోటి దగ్గర జరపండి. రక్తం చాలాసేపు కారుతుంది, టెన్షన్ పడకండి.

పడిపోయిన చెట్టు దాటేముందు అవతల ఏముందో చూడండి.

ఏటవాలు కింద, వాగు ఒడ్డున టెంటు వేయొద్దు. 2022 డిసెంబర్ 16 తెల్లవారుజామున బతాంగ్ కాలి అనే చోట కొండచరియ విరిగి క్యాంపు మీద పడి 31 మంది పోయారు. నిద్రలో.

దురియన్ తిన్న రోజు మద్యం వద్దు. మందు తాగి నీళ్లలోకి అస్సలు వద్దు.

పుట్టగొడుగులు ముట్టొద్దు.

మూసేశారని బోర్డు ఉంటే మూసేసినట్టే. పక్కనుంచి దారుందని చెప్పేవాడితో వెళ్లొద్దు.

వాగు దాటేటప్పుడు బ్యాగు నడుం పట్టీ విప్పండి. పడితే వదిలించుకోవడానికి.

పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని దాటొద్దు. అలా ఎక్కించుకోవాల్సిన లోతు ఉంటే దాటనే వద్దు.

తొమ్మిదిన్నర దాటిందా, ఇంకా హోటల్లోనే ఉన్నారా? ఇవాళ్టికి ట్రెక్ లేదు. వెళ్లి రోటీ చనాయ్ తినండి.

బాట మీద ఉండగా పన్నెండు కావస్తోందా? ఇవతలికి రండి. మబ్బు లేకపోయినా రండి.