ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రిలో నడుము నొప్పికి కటి వస్తి చేయించుకోవాలంటే

కటి వస్తి అంటే నడుం మీద పిండితో గట్టు కట్టి, అందులో గోరువెచ్చని తైలం నిలిపి ఉంచే ఆయుర్వేద చికిత్స. ప్రైవేటు పంచకర్మ (ఆయుర్వేదంలో తైలాలు, కాపడం వంటి చికిత్సల విభాగం) కేంద్రాల్లో వేలు పోసి చేయించుకునే ఈ చికిత్స ప్రభుత్వ ఆయుర్వేద బోధనాసుపత్రుల్లోనూ దొరుకుతుంది. తెలంగాణలో హైదరాబాద్ ఎర్రగడ్డ, వరంగల్, ఆంధ్రలో విజయవాడ. తిరుపతిలో టీటీడీ నడిపే ఎస్వీ ఆయుర్వేద ఆసుపత్రి ఉంది. ఊళ్లోని ఆయుష్ డిస్పెన్సరీలో మాత్రలు, చూర్ణాలు ఇస్తారు గానీ పంచకర్మ గది సాధారణంగా ఉండదు.

ముందు ఒక హెచ్చరిక. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ స్పర్శ తగ్గినా, పాదం పైకి లేవకపోయినా ఆయుర్వేద ఓపీకి వెళ్లొద్దు. అది వెన్ను కింది భాగంలో నరాలు నలిగిపోతున్న లక్షణం. అదే రోజు పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, కింద పడ్డ తర్వాత మొదలైన నొప్పి, గతంలో క్యాన్సర్ ఉండటం: వీటిలో ఏది ఉన్నా ముందు అల్లోపతి డాక్టరుకు చూపించండి.

ఓపీ పొద్దున పూటే కాబట్టి తొందరగా వెళ్లండి. చీటీ రాయించేటప్పుడు నడుము నొప్పి అని చెబితే కాయచికిత్సకో (మందులతో నయం చేసే సాధారణ వైద్య విభాగం) పంచకర్మకో పంపిస్తారు. ఆధార్, పాత ఎక్స్‌రే లేదా ఎమ్మారై, వాడుతున్న మందుల చీటీ తీసుకెళ్లండి. షుగర్, థైరాయిడ్, రక్తం పలచబడే మందులు వాడుతుంటే అడగకముందే చెప్పండి, గుగ్గులు (ఒక చెట్టు జిగురు) కలిసిన మందులు వాటితో పొసగకపోవచ్చు. యోగరాజ గుగ్గులు వేరు, మహాయోగరాజ గుగ్గులు వేరు. రెండోదాంట్లో లోహ భస్మాలు, అంటే లోహాలను కాల్చి చేసిన పొడులు ఉంటాయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు చీటీలో ఏది రాశారో తప్పకుండా అడగాలి.

డాక్టరు కటి వస్తి రాస్తే మూడు విషయాలు అక్కడే తేల్చుకోండి: ఎన్ని రోజులు, రోజూ వచ్చి వెళ్లాలా చేరాలా, తైలం స్టాకులో ఉందా. కోర్సు సాధారణంగా 7 నుంచి 14 రోజులు. చాలామంది దగ్గర బెడిసికొట్టేది ఇక్కడే. నాలుగు రోజులు చేయించుకుని, కాస్త తేలికపడగానే మానేస్తారు. దూరం నుంచి బస్సులో ఊగుతూ వచ్చి, చేయించుకుని, మళ్లీ ఊగుతూ పోతే దొరికిన ఉపశమనం దారిలోనే పోతుంది. అలాంటివాళ్లు ఇన్‌పేషెంటుగా చేరతామని గట్టిగా అడగాలి.

బోర్లా పడుకోబెట్టి, మినపపిండి ముద్దతో నడుం మీద గట్టు కట్టి, లోపల గోరువెచ్చని తైలం పోస్తారు. చల్లారిన నూనెను దూదితో తీసి, వెచ్చనిది పోస్తూ 30 నుంచి 45 నిమిషాలు ఉంచుతారు. గట్టు అంచు తడిచేత్తో సరిగ్గా అదమకపోతే నూనె పక్కలకు కారిపోతుంది, కారితే వెంటనే చెప్పండి. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్లకు కాలినా తెలియదు, కాబట్టి వేడిని థెరపిస్టు ప్రతిసారీ తన చేతి మీద చూసుకునేలా అడగండి. ఒకరికి వాడిన నూనె ఇంకొకరికి పోయకూడదు. మీ సీసా మీద మీ పేరు రాయించండి. నడుం మీద పుండు, జ్వరం, గర్భం ఉంటే ఇది వద్దు. పాత పంచె, తువ్వాలు ఇంటి నుంచే తీసుకెళ్లాలి.

వేడికి, మర్దనకు బిగుసుకున్న కండరాలు వదులవుతాయి. అంతే తప్ప జారిన డిస్కు వెనక్కి పోదు, అలా చెప్పేవాళ్లను నమ్మకండి. నొప్పి తగ్గిన ఆ రోజుల్లోనే నడక, నడుం కండరాల వ్యాయామం మొదలుపెట్టాలి. అదే ఆసుపత్రిలో యోగా శిక్షకులుంటే భుజంగాసనం, మార్జాలాసనం వాళ్ల ఎదుటే చేసి చూపించుకోండి. ముందుకు వంగే ఆసనాలు డాక్టరు సరేననేదాకా ఆపండి. ఇంట్లో మంచానికి అంటుకుపోవడం వల్ల నడుం ఇంకా బిగుస్తుంది.

కోర్సు పూర్తయినా కాలిలోకి లాగే నొప్పి అలాగే ఉంటే రెండో కోర్సుకు ఒప్పుకోకండి. అదే ఓపీ చీటీ, ఎమ్మారై పట్టుకుని ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో ఎముకల విభాగానికి వెళ్లండి.