బ్యాంకు పింఛను తక్కువగా లెక్కకట్టారని అనిపిస్తే

ప్రభుత్వ రంగ బ్యాంకులో పదవీ విరమణ చేసినవారు పింఛను లెక్కలో తేడా ఉందని భావిస్తే, తాము కోరే హక్కు దేని మీద నిలబడి ఉందో ముందుగా తేల్చుకోవాలి. 1993 అక్టోబరు 29న బ్యాంకు యాజమాన్యాల సంఘమైన ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్‌కూ ఉద్యోగ సంఘాలకూ కుదిరిన ఒప్పందంతో, పి.ఎఫ్.లో యాజమాన్యం వాటాకు బదులుగా పింఛను వచ్చింది. అయితే దాన్ని అమలు చేస్తూ 1995లో వెలువడిన పింఛను రెగ్యులేషన్లు బ్యాంకుల జాతీయీకరణ చట్టాల కింద చేసినవి కాబట్టి, ఆ రెగ్యులేషన్లు ఇచ్చినదాన్ని ఒక సర్క్యులర్‌తో తగ్గించడం కుదరదు. స్టేట్ బ్యాంకు నిబంధనలు వేరు.

తరువాత కాగితాలు సేకరించాలి. సర్వీసు రికార్డు, పి.ఎఫ్. వాటాకు బదులు పింఛను కోరుకుంటూ ఇచ్చిన ఆప్షన్ పత్రం, పింఛను లెక్క చూపే షీటు తప్పనిసరి. 2010 ఏప్రిల్ 27 ఒప్పందం కింద రెండో ఆప్షన్ ఇచ్చిన విశ్రాంత ఉద్యోగులకు, పి.ఎఫ్. సొమ్ము తిరిగి కట్టిన రశీదు కూడా కావాలి. బ్యాంకు వీటిని ఇవ్వకపోతే పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు. లెక్క సరిచూడటం కష్టమేమీ కాదు: పింఛనుకు లెక్కలోకి వచ్చే సేవ (అర్హత సేవ) 33 ఏళ్లు ఉంటే మూల పింఛను చివరి పది నెలల సగటు వేతనంలో సగం, అంతకు తక్కువైతే ఆ నిష్పత్తిలో.

అన్నిటికంటే జాగ్రత్తగా దాచుకోవలసింది, మీరు సంతకం చేసిన నాటి పథకం ప్రతి. 2000 నాటి స్వచ్ఛంద పదవీ విరమణ పథకంలో, పింఛను రెగ్యులేషన్ల ప్రకారమే పింఛను ఇస్తామని చెప్పిన బ్యాంకులు, 29(5) రెగ్యులేషన్ అనుమతించే అయిదేళ్ల అదనపు సేవను మాత్రం కలపబోమన్నాయి. బ్యాంక్ ఆఫ్ ఇండియా, మోహన్‌దాస్ కేసులో 2009లో సుప్రీంకోర్టు ఈ వాదనను అంగీకరించలేదు; పథకాన్ని రాసింది బ్యాంకులే కనుక, అందులోని అస్పష్టతకు భారం కూడా అవే మోయాలని చెప్పి, 20 ఏళ్ల సేవ నిండినవారికి ఆ ప్రయోజనం దక్కేలా తీర్పునిచ్చింది. ఏళ్ల తరబడి పోరాడిన ఆ ఉద్యోగులకు చివరకు అండగా నిలిచింది పథకంలోని మాటలే.

బ్యాంకుకు ఇచ్చే వినతిపత్రంలో ఏ రెగ్యులేషన్ కింద, ఏ తేదీ నుంచి, ఎంత సొమ్ము రావాలో స్పష్టంగా రాసి స్పీడ్ పోస్టులో పంపి, రశీదు భద్రపరచండి. జవాబు రాకపోయినా, తిరస్కరించినా హక్కు అమలు చేయించమని కోరే రిట్ పిటిషన్‌ను హైకోర్టులో వేయవచ్చు. తెలంగాణవారికి హైదరాబాదులో, ఆంధ్రప్రదేశ్ వారికి అమరావతిలో. పింఛను తగ్గింపు నెలనెలా జరిగే నష్టమే అయినా, తర్సేమ్ సింగ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పినట్టు బకాయిలు సాధారణంగా రిట్ వేసిన తేదీకి ముందరి మూడేళ్లకే పరిమితమవుతాయి. వినతిపత్రం మీద వినతిపత్రం పంపుతూ కూర్చుంటే ఆ గడువు మీ కోసం ఆగదు.