గాయపడిన మనిషి బతికే అవకాశాన్ని లెక్కకట్టడం ఎలా

స్ట్రెచర్ లోపలికి రాగానే రాసుకునే మూడు అంకెల మీదే ఈ లెక్కలో మొదటి భాగం నిలబడుతుంది: స్పృహ, పై బీపీ, శ్వాస. ఫార్ములా పని కంప్యూటర్ చూసుకుంటుంది. తప్పులు ఎక్కువగా జరిగేది ఈ అంకెలు రాసేటప్పుడే. అందుకే శ్వాస కోసం గొంతులో గొట్టం వేయకముందే, మత్తుమందు ఇవ్వకముందే, వీటిని టైముతో సహా కేస్ షీట్‌లో రాయండి.

స్పృహను గ్లాస్గో కోమా స్కేలుతో (జీసీఎస్) కొలవాలి. "జీసీఎస్ 12" అని మొత్తం ఒక్కటే రాయకండి. "కన్ను 3, మాట 4, కదలిక 5" అని విడివిడిగా రాయండి. కుడి, ఎడమ చేతుల కదలికల్లో తేడా ఉంటే మెరుగైనదానికే మార్కు. శ్వాసను కనీసం 30 సెకన్లు ఛాతీ చూస్తూ లెక్కపెట్టి రెట్టింపు చేయండి. చూడకుండా "20" అని రాసేయడం చాలాచోట్ల అలవాటు, లెక్కను పాడుచేసేదీ అదే. బీపీ బాగా పడిపోయినప్పుడు మెషిన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు కాబట్టి ఒకసారి చేత్తో కొలిచి సరిచూసుకోండి.

ఇప్పుడు ఒక్కోదానికి 0 నుంచి 4 దాకా కోడ్:

జీసీఎస్: 13–15కు 4, 9–12కు 3, 6–8కు 2, 4–5కు 1, 3కు 0.
పై బీపీ: 89 దాటితే 4, 76–89కి 3, 50–75కు 2, 1–49కి 1, అందకపోతే 0.
శ్వాస నిమిషానికి: 10–29కి 4, 29 దాటితే 3, 6–9కి 2, 1–5కు 1, లేకపోతే 0.

జీసీఎస్ కోడ్‌ను 0.9368తో, బీపీ కోడ్‌ను 0.7326తో, శ్వాస కోడ్‌ను 0.2908తో గుణించి మూడూ కలిపితే రివైజ్డ్ ట్రామా స్కోరు (ఆర్‌టీఎస్) వస్తుంది. గరిష్ఠం 7.8408. స్పృహకే ఎక్కువ బరువు ఉంది చూడండి, జీసీఎస్ తప్పుగా రాస్తే మిగతావి కాపాడలేవు.

రెండో భాగం గాయాల తీవ్రత. దీనికి సీటీ, ఆపరేషన్ వివరాలు కావాలి కాబట్టి గుమ్మం దగ్గర తేలదు. తల-మెడ, ముఖం, ఛాతీ, పొట్ట, కాళ్లుచేతులు-కటి ఎముకలు, పైచర్మం అని ఆరు భాగాలు. ప్రతి గాయానికీ దాని తీవ్రతను బట్టి ఏఐఎస్ (అబ్రివియేటెడ్ ఇంజురీ స్కేల్) కోడ్ 1–6. ఎక్కువ దెబ్బతిన్న మూడు భాగాల్లో ఒక్కోదాని నుంచి అతి పెద్ద కోడ్ తీసుకుని, వర్గాలు చేసి కలిపితే ఐఎస్ఎస్ (ఇంజురీ సివియారిటీ స్కోరు). ఎక్కడైనా 6 ఉంటే నేరుగా 75. దీనికో లోపం ఉంది. రెండు తొడ ఎముకలూ విరిగి, ఒక్కోదానికి 3 ఇచ్చినా రెండూ ఒకే భాగం కాబట్టి ఐఎస్ఎస్ 9 దగ్గరే ఆగుతుంది. భాగంతో పనిలేకుండా మూడు పెద్ద గాయాలనూ తీసుకునే ఎన్ఐఎస్ఎస్‌లో (న్యూ ఐఎస్ఎస్) అదే 18 అవుతుంది.

ఈ రెండింటికీ వయసు కలిపేది ట్రిస్ పద్ధతి. మొద్దుదెబ్బలకు (శరీరంలోకి ఏదీ గుచ్చుకోని దెబ్బలకు) 1995 నాటి గుణకాలతో:

బి = −0.4499 + 0.8085 × ఆర్‌టీఎస్ − 0.0835 × ఐఎస్ఎస్ − 1.7430 × వయసు

వయసు 55 లోపైతే 0, ఆపైన 1. తర్వాత 2.718ని మైనస్ బి ఘాతానికి పెంచి, 1 కలిపి, వచ్చినదానితో 1ని భాగించండి. కత్తిపోట్లకు, తూటా గాయాలకు గుణకాలు వేరు. 15 ఏళ్ల లోపు పిల్లలకు మాత్రం గాయం ఏదైనా మొద్దుదెబ్బ గుణకాలే వాడతారు.

40 ఏళ్ల మనిషి అనుకోండి. జీసీఎస్ 12, బీపీ 85, శ్వాస 32. మూడు కోడ్‌లూ 3 కాబట్టి ఆర్‌టీఎస్ 5.8806. ఛాతీ 4, పొట్ట 3, తొడ 3 అయితే 16 + 9 + 9, ఐఎస్ఎస్ 34. బి 1.466, బతికే అవకాశం 81 శాతం. ఇవే గాయాలతో 60 ఏళ్ల మనిషికి 43 శాతమే! ఇంత తేడా 54కీ 55కీ మధ్య ఒక్క పుట్టినరోజుతోనే వచ్చేస్తుంది. శరీరం అలా ఒక్క రోజులో మారదు, అది ఫార్ములా గీసిన గీత. గీతకు దగ్గర వయసువాళ్ల విషయంలో ఈ సంగతి మనసులో ఉంచుకోండి.

గుమ్మం దగ్గర తొందరగా కావాలంటే గ్యాప్ స్కోరు ఉంది. జీసీఎస్ మొత్తం, 60 ఏళ్ల లోపైతే 3, బీపీ 120 దాటితే 6, 60–120 అయితే 4. మొత్తం 3–10 అయితే ప్రమాదం ఎక్కువ, 11–18 మధ్యస్థం, 19–24 తక్కువ. మన 40 ఏళ్ల మనిషికి 12 + 3 + 4 = 19, అంటే "తక్కువ" గుంపు! బీపీ 85తో, నిమిషానికి 32 సార్లు ఊపిరి పీలుస్తున్న మనిషిని తక్కువ ప్రమాదం అని పక్కన పెడితే పెద్ద పొరపాటు. ఈ స్కోరు శ్వాసను చూడదు, బీపీ 61కీ 119కీ తేడా చూపదు.

అప్పటికే గొట్టం వేసి తెచ్చిన మనిషికి మాట మార్కు తెలియదు, శ్వాస రేటు వెంటిలేటర్‌ది. అలాంటప్పుడు గొట్టం వేయకముందు అంబులెన్స్ వాళ్లు రాసిన అంకెలు అడగండి. అవీ లేకపోతే "తెలియదు" అని రాయాలి, ఊహించి నింపకూడదు. ఖాళీ గడులను మామూలు విలువలతో నింపితే అత్యంత విషమంగా ఉన్నవాళ్లే క్షేమంగా కనిపిస్తారు.

81 శాతం అంటే అలాంటి వందమందిలో 81 మంది బతికారని అర్థం. ఎదురుగా ఉన్న మనిషి ఏ వైపో అది చెప్పదు. ఎంత తక్కువ వచ్చినా ఆ అంకె చూసి చికిత్స ఆపకండి. దాని అసలు ఉపయోగం తర్వాత, రికార్డులు తిరగేసేటప్పుడు. అవకాశం 50 శాతం దాటినా చనిపోయినవాళ్ల కేస్ షీట్లు విడిగా తీసి, రక్తం ఎప్పుడు ఎక్కింది, సీటీకి ఎంతసేపు పట్టింది, ఆపరేషన్ ఎందుకు ఆలస్యమైంది అని ఒక్కొక్కటీ చూడండి. 50 శాతం లోపు ఉండి బతికినవాళ్ల షీట్లూ పక్కనే పెట్టుకోండి.