హోమ్ రన్ తర్వాతి బంతి

మహబూబ్‌నగర్‌లో నేను బేస్‌బాల్ నేర్పే పిల్లల్లో ఒక పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు, హోమ్ రన్ (బ్యాటర్ బంతిని మైదానం దాటించడం) పడితే చాలు, కోపంతో ఇంకా గట్టిగా విసిరేవాడు. బంతి ఎత్తుగా పోయేది, వరుసగా వాకులు, అంటే నాలుగు చెడ్డ బంతులకు బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కు వెళ్లిపోవడం. ‘టెన్షన్ పడకు’ అంటే టెన్షన్ పెరుగుతుంది, అందుకే ఆ మాట మానేసి పని చెప్పాను. అంపైర్ ఇచ్చిన కొత్త బంతి తీసుకో, నువ్వు విసిరే దిబ్బ వెనక్కి దిగు, చేతికి పట్టునిచ్చే రోసిన్ పొడి సంచి పట్టుకో, ఊపిరి నిదానంగా వదులు, ఆ తర్వాతే బ్యాటర్ వెనక కూర్చునే క్యాచర్ సైగ చూడు.

ఇంకో సంగతి వాడికి బాగా పట్టింది: హోమ్ రన్ అయ్యాక రన్నర్లు ఆగే బేస్‌లన్నీ ఖాళీ. రన్నర్ సందు చూసి తర్వాతి బేస్‌కు పరుగెత్తుతాడన్న భయం లేదు, పూర్తి వైండప్‌తో, అంటే తీరిగ్గా ఒళ్లంతా ఊపి, వేయొచ్చు. మొదటి బంతికి వేగం అక్కర్లేదు, మోకాళ్ల ఎత్తులో స్ట్రైక్ (బ్యాటర్ కొట్టగల పరిధిలో పడే మంచి బంతి) పడితే చాలు.

హోమ్ రన్లు ఇప్పటికీ పడుతున్నాయి, వాకులు తగ్గాయి. గట్టు మీద నుంచి వాళ్ల నాన్న వేసే కేకలకే ఇంకా మందు దొరకలేదు.