ముందు మన చేతులకి రంగు అంటాలి: ట్రైనీ టీచర్లు ఆర్ట్ యాక్టివిటీలు ఎలా నేర్చుకోవాలి

టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నవాళ్ళు ఎక్కువగా అడిగేది "క్లాస్‌లో చేయించడానికి మంచి యాక్టివిటీ ఒకటి చెప్పండి" అని. చెప్తాను కానీ అంతకంటే ముందు ఒక పని చెయ్యమంటాను. ఏ యాక్టివిటీ అయినా సరే, పిల్లల ముందు పెట్టకముందే మీరు మొదటినుంచి చివరిదాకా, అంటే చేతులు కడుక్కుని టేబుల్ తుడిచేదాకా, ఒక్కసారి చేసి చూడండి. వీడియో చూస్తే చేసినట్టు కాదు. మీ చెయ్యి ఎక్కడ ఆగిందో పిల్లల చెయ్యి కూడా దాదాపు అక్కడే ఆగుతుంది, లెసన్ ప్లాన్‌లో రాసుకోవాల్సింది ఆ చోటు గురించే.

ఇది నాకు మట్టి నేర్పింది. ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు పిల్లలతో మట్టి పిల్లులు చేయించాను, ఆ రోజు అన్నీ ముద్దుగా ఉన్నాయి, ఆరాక చూస్తే సగం పిల్లులకి తోకలు లేవు, కాళ్ళు లేవు. ఒక పాప ఊడిపోయిన తోక పట్టుకుని నా దగ్గరికొచ్చి ఊరికే నిలబడింది, ఏమీ అనలేదు, ఆ మొహం ఇప్పటికీ గుర్తే. ఆ సాయంత్రం నేనే కూర్చుని చేస్తే తెలిసింది, మట్టి ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి పైపైన నొక్కి అతికించిన ముక్క విడిపోతుంది. అతికించే రెండు వైపులా ఫోర్క్‌తో గాట్లు పెట్టి, అదే మట్టిని నీళ్ళలో కలిపి చిక్కటి జారులా చేసి రాసి, అప్పుడు నొక్కాలి. చిన్నపిల్లలైతే ఒకే ముద్దలోంచి కాళ్ళూ తోకా బయటికి లాగమనడం ఇంకా మంచిది. బొమ్మ మరీ మందంగా ఉన్నా కష్టమే, పైన ముందు ఆరిపోయి లోపల తడి మిగిలి పగుళ్ళొస్తాయి.

మొదలుపెట్టడానికి పెద్ద సామాను అక్కర్లేదు. ఎరుపు, పసుపు, నీలం, తెలుపు పోస్టర్ కలర్స్, క్రేయాన్స్, కత్తెర, కాస్త మట్టి, బోలెడు పాత కాగితాలు చాలు. వారానికి రెండుసార్లు ఒక గంట కూర్చోండి.

రంగులు కలపడం దగ్గర మొదలుపెట్టండి. పసుపులో నీలం చుక్క చుక్కగా వేసి చూడండి, తర్వాత నీలంలో పసుపు వెయ్యండి. మొదటిదాంట్లో రెండు చుక్కలకే ఆకుపచ్చ వచ్చేస్తుంది, రెండోదాంట్లో పసుపు ఎంత పోసినా నీలం ఒక పట్టాన లొంగదు, రంగంతా అయిపోతుంది. లేత రంగులోకే ముదురు రంగు వెళ్ళాలి అని పిల్లలకి చెప్పక్కర్లేదు, ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి ఒకళ్ళకి ఇలా ఒకళ్ళకి అలా ఇస్తే వాళ్ళే కనిపెడతారు. మూడు రంగులూ కలిపేసి బురద రంగు తెచ్చుకునేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, ఆపకండి, అది కూడా తెలుసుకోవాల్సిందే. తెల్ల కాగితం మీద మైనం క్రేయాన్‌తో గట్టిగా గీసి పైన పల్చటి వాటర్ కలర్ పూస్తే మైనం ఉన్నచోట నీళ్ళు అంటవు, సైన్స్ పాఠానికి అదొక్కటి చాలు.

నాకు బాగా ఇష్టమైంది మాత్రం కాగితం మడతలతో భిన్నాలు. కిండర్‌గార్టెన్ ఆలోచన తెచ్చిన జర్మన్ విద్యావేత్త ఫ్రోబెల్ 1837లో చిన్నపిల్లల బడి మొదలుపెట్టిన కాలం నుంచీ కాగితం మడతలు పిల్లల చదువులో ఉన్నాయి, ఎందుకున్నాయో మడిచి చూస్తేనే తెలుస్తుంది. దీర్ఘచతురస్రాకారంలో ఉన్న కాగితాన్ని నాలుగు సమాన భాగాలు చెయ్యండి. నిలువుగా ఒకటి అడ్డంగా ఒకటి మడవచ్చు, లేదా ఒకే వైపు రెండుసార్లు మడిచి నాలుగు పట్టీలు చెయ్యొచ్చు. ఇంకో కాగితం మీద మూల నుంచి మూలకి రెండు గీతలు గీయండి, నాలుగు త్రిభుజాలొస్తాయి, రెండు పొడుగ్గా రెండు పొట్టిగా. ఇవి నాలుగూ సమానమేనా? పెద్దవాళ్ళు కూడా కాదనేస్తారు. కత్తిరించి, ఒక్కో త్రిభుజాన్ని కాగితం మధ్యలో ఉన్న మొన నుంచి ఎదురు అంచు మధ్యకి మళ్ళీ రెండుగా కొయ్యండి. వచ్చిన 8 ముక్కల్ని ఒకదానిమీద ఒకటి పెడితే, కొన్నిటిని తిరగేయాల్సి వస్తుంది గానీ, అన్నీ సరిగ్గా సరిపోతాయి. నాలుగో వంతు అంటే ఆకారం కాదు, ఎంత ఉంది అన్నదే లెక్క అని బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా ఎక్కని పిల్లలకి ఇది ఎక్కడం చూశాను.

ఇంకో అభ్యాసం, మీరు రాయని చేత్తో కత్తెర పట్టుకుని ఒక గుండ్రం కత్తిరించండి. చెయ్యి వణుకుతుంది, గీత తప్పుతుంది, విసుగొస్తుంది, అయిదేళ్ళ పిల్లకి రోజూ ఉండేది ఇంచుమించు ఇదే. ఎడమచేతి వాటం పిల్లలకి మామూలు కత్తెరతో గీత కూడా కనపడదు, పై బ్లేడ్ అడ్డొస్తుంది. వాళ్ళకి వేరే కత్తెర తెప్పించాలి, "నీట్‌గా కత్తిరించు" అని మందలించకూడదు.

శాంపిల్ గురించి నా మాట గట్టిగానే ఉంటుంది. మీరు చేసిన అందమైన బొమ్మని బోర్డుకి అంటించి "ఇలా చెయ్యండి" అనకండి. అలా చేస్తే ముప్ఫై మంది అదే బొమ్మ చేస్తారు, రానివాళ్ళు మీతో చేయించుకుంటారు. పద్ధతి చూపించండి, బొమ్మ దాచెయ్యండి. పిల్లల కాగితం మీద మీ పెన్సిల్ అస్సలు పెట్టకండి, ఏదైనా చూపించాలంటే పక్కన ఇంకో కాగితం మీద గీసి చూపించండి.

బొమ్మ చూసి "ఇదేంటి?" అనడం కూడా మానెయ్యాలి, "దీని గురించి చెప్పవా" అంటే పిల్లలు ఆగకుండా చెప్తారు. తలకాయ నుంచి నేరుగా కాళ్ళొచ్చిన మనిషినో, గోడలోంచి లోపలి మనుషులు కనపడే ఇంటినో చూసి తప్పు దిద్దకండి. పిల్లల బొమ్మలు వయసుతో ఎలా మారతాయో ఆర్ట్ టీచింగ్ మీద పనిచేసిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లోనే దశలుగా రాశాడు, ఆయన లెక్కలో సుమారు 7 నుంచి 9 ఏళ్ళ పిల్లలు కాగితం అడుగున నేల గీత గీసి అన్నీ దానిమీద నిలబెడతారు. అది తెలిస్తే బొమ్మలో తప్పు కాకుండా పిల్లవాడి ఆలోచన కనపడుతుంది.

టైమ్ దగ్గర ట్రైనీలందరూ దెబ్బతింటారు. 40 నిమిషాల క్లాస్ అంటే చెయ్యడానికి 20 నిమిషాలే అనుకోండి, పంచడానికి 5, సర్దడానికి 10, ఒకరి పని ఒకరు చూసి మాట్లాడుకోవడానికి 5. సర్దడం మీరు చెయ్యకండి, బ్రష్‌లు కడిగేది ఎవరు, కాగితాలు ఆరబెట్టేది ఎవరు అని ముందే చెప్పేస్తే పిల్లలే చేసేస్తారు.

ఇవన్నీ గుర్తుండవు కాబట్టి ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. యాక్టివిటీకి ఒక పేజీ, మీరు చేసినదాంట్లో చిన్న ముక్క అంటించి కింద ఎంతసేపు పట్టింది, చెయ్యి ఎక్కడ ఆగింది, ఏ పాఠానికి పనికొస్తుంది అని రాయండి. పక్క పేజీ ఖాళీగా ఉంచండి, క్లాస్ అయ్యాక పిల్లల చెయ్యి ఎక్కడ ఆగిందో అందులో రాసుకోవాలి.