ఎంబాలే నుంచి పుట్టింటికి: వాలంటీరుగా వచ్చి, కడుపుతో తిరిగెళ్లేవాళ్లకు

ఉగాండాకి వాలంటీర్లుగా కొత్తగా వచ్చిన తెలుగు జంటలు ముందు కందిపప్పు, చింతపండు గురించి అడుగుతారు. కంపాలాలో ఇండియన్ షాపులున్నాయి, అన్నీ దొరుకుతాయి, దాని గురించి బెంగ వద్దు. రెండో ప్రశ్న మాత్రం ఫోన్ మగవాళ్ల చేతుల్లోంచి ఆడవాళ్ల చేతికి మారాక, గొంతు తగ్గించి వస్తుంది. "అక్కా, ఇక్కడ ఉండగా నెల తప్పితే ఎలా?"

నాకు అలాగే అయింది. రెండేళ్లకని తూర్పు ఉగాండాలోని ఎంబాలే ఊరి దగ్గర ఒక ప్రైమరీ స్కూల్లో టీచర్లకు శిక్షణ ఇవ్వడానికి వెళ్లి, ఏడాదిన్నర కూడా నిండకుండా, 26 వారాల కడుపుతో ఖమ్మం తిరిగొచ్చాను. కాబట్టి ఇది డాక్టర్ చెప్పేది కాదు, పడినదాన్ని చెప్పేది.

అన్నిటికంటే ముందు చేయాల్సింది ఒకటుంది. ఎప్పుడు వెళ్లాలో మొదటి మూడు నెలల్లోనే మీరు తేల్చుకోండి. "చూద్దాంలే" అని నానబెడితే విమానం వాళ్ల రూలో, ఒక మలేరియా జ్వరమో మీ తరఫున తేల్చేస్తుంది. చాలా విమానాల్లో 28 వారాలు దాటితే డాక్టర్ సర్టిఫికెట్ అడుగుతారు, 36 దాటితే ఎక్కనివ్వరు, కవలలైతే 32కే ఆపేస్తారు. ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క, టికెట్ కొనేముందే చదువుకోండి. మేం రెండు పరీక్షల మధ్య ఖాళీ చూసుకున్నాం. 20 వారాల స్కాన్ అక్కడే చేయించి, 24 నుంచి 28 వారాల మధ్య చేసే షుగర్ పరీక్షకి ఇక్కడికి చేరేలా. ఆ వారాల్లో వేవిళ్లు తగ్గి ఉంటాయి, పొట్ట ఇంకా సీటులో పడుతుంది. అమ్మ మాత్రం వారాలు ఒప్పుకోలేదు. "ఏడో నెల పడ్డాక రా, బేసి నెల మంచిది" అంది. డాక్టర్ 26 వారాలు, అమ్మ ఏడో నెల, లెక్క ఒక్కటే అయ్యేసరికి ఇద్దరూ సంతోషించారు.

అక్కడ ఉన్నన్నాళ్లూ

మొదటిసారి క్లినిక్‌కి వెళ్లేటప్పుడు భర్తని కూడా తీసుకెళ్లండి. హెచ్‌ఐవీ పరీక్ష ఇద్దరికీ చేస్తారు, మేం వెళ్లిన చోట జంటగా వచ్చినవాళ్లని ముందు లోపలికి పిలిచేవాళ్లు. మా ఆయనకి ఆ బెంచీ మీద కూర్చోవడం కొత్త, మొదట ఇబ్బంది పడ్డాడు. మూడోసారికి నర్సులతో కబుర్లు చెబుతున్నాడు.

మలేరియా విషయం తేలిగ్గా తీసుకోకండి. ఉగాండాలో నాలుగో నెల నుంచి గర్భిణులకు మలేరియా రాకుండా ఫాన్సిడార్ అనే మాత్రలు ఇస్తారు, కనీసం నెల తేడాతో ఒక్కో డోసు, వాళ్ల ఎదురుగానే మింగాలి. ఇక్కడ ఒక చిక్కుంది, నాకూ ఆలస్యంగా తెలిసింది. మన దగ్గర డాక్టర్లు చాలామంది ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాముల మాత్ర రాస్తారు. ఇంటి నుంచి వచ్చేవాళ్ల చేత అమ్మ పంపిన డబ్బాలో ఉన్నవి అవే. అంత పెద్ద డోసు వేసుకుంటే ఫాన్సిడార్ సరిగా పనిచేయదు. 0.4 మిల్లీగ్రాములదైతే ఫర్వాలేదు. అక్కడి మిడ్‌వైఫ్ నా డబ్బా తిప్పి తిప్పి చూసి పక్కన పెట్టేసింది. మీ డబ్బా మీద అంకె చూసుకుని, క్లినిక్‌లో చూపించండి.

దోమతెర, బోడా బోడా (అంటే అక్కడి బైక్ టాక్సీ) గురించి ఒక్క ముక్క. తెర కింద పడుకోండి, బోడా ఎక్కకండి. ఎంబాలే మార్కెట్ దాకానే కదా అని ఎక్కుతాం, ఆ స్పీడ్ బ్రేకర్లు తెలిసినవాళ్లు ఎక్కరు.

తిండికి కష్టం లేదు. మతోకే అంటే అరటికాయే, ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. వేరుశనగ పులుసుతో తింటే నాకు వేవిళ్లలోనూ నిలిచింది. ఎల్గాన్ కొండ వాళ్లు వెదురు మొలకలు పొగబెట్టి ఎండబెట్టి అదే పులుసులో వండుతారు, దాన్ని మలేవా అంటారు. ఆ పొగ వాసన మాత్రం ఆ మూడు నెలలు నా వల్ల కాలేదు. కంపాలా మార్కెట్లో ముంబ్వా అని మట్టి, మూలికలు కలిపి చేసిన కడ్డీలు అమ్ముతారు, కడుపుతో ఉన్నవాళ్లు అరగదీసి నీళ్లలో కలుపుకుని తాగుతారు. నాకు చూడగానే మా వీధిలో బలపాలు తినే పిన్ని గుర్తొచ్చింది. మనసు లాగుతుంది, తెలుసు. మా డాక్టర్ వద్దంది, నేను కొనలేదు, వాసన చూసి పెట్టేశాను.

పొట్ట కాస్త ముందుకి రాగానే స్కూల్లో ఆయాలు నన్ను "నాలోంగో" అని పిలవడం మొదలెట్టారు. అంటే కవలల తల్లి. అక్కడ అది బిరుదులాంటిది. నాకు ఒక్కరే అని స్కాన్ చూపించినా మానలేదు.

స్కాన్ అంటే గుర్తొచ్చింది. బిడ్డ అవయవాలన్నీ చూసే 20 వారాల స్కాన్‌ని మనం టిఫా స్కాన్ అంటాం, అక్కడ ఆ మాట నేనడిగిన వాళ్లకెవరికీ తెలియలేదు, అనామలీ స్కాన్ అనండి. అక్కడ ఆడో మగో చెప్పడం నేరం కాదు, మీరు అడగకపోయినా చెప్పేస్తారు, రిపోర్టులో రాసేస్తారు కూడా. మన దేశంలో 1994 చట్టం ప్రకారం అది చెప్పకూడదు, అడగకూడదు. ఆ కాగితం పట్టుకుని ఇంటికెళితే పెదనాన్నల దాకా అందరూ చదువుతారు. అందుకే స్కాన్ మొదలయ్యేముందే "చెప్పకండి, రాయకండి" అని అడగండి. నేను అడగడం మర్చిపోయాను. ఆ పేజీ మీద తెల్ల కాగితం అతికించి మరీ తెచ్చాను.

పసుపు కార్డు

ఇది ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతావన్నీ సర్దుకోవచ్చు. ఉగాండా రావడానికి ముందు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని ఉంటారు. మేం హైదరాబాద్ నారాయణగూడలో ఐపీఎం అనే ప్రభుత్వ టీకా కేంద్రంలో వేయించుకున్నాం. ఆ పసుపు కార్డు ఉగాండాకి వెళ్లడానికే అనుకుంటాం, తిరిగి ఇండియాలో అడుగు పెట్టడానికి ఇంకా ముఖ్యం. కార్డు లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచొచ్చు. పోయింది కదా అని మళ్లీ టీకా వేయించుకుందామంటే కుదరదు, అది బతికున్న వైరస్ టీకా, కడుపుతో ఉన్నవాళ్లకు మామూలుగా ఇవ్వరు. ఒకసారి వేయించుకున్న టీకా మాత్రం జీవితాంతం చెల్లుతుంది.

మా దగ్గర కార్డు ఉంది. అయినా ఇరుక్కున్నాం. మధ్యలో కంపాలాలో పాస్‌పోర్టు రెన్యువల్ చేయించాం, కార్డు మీద పాత నంబరు ఉండిపోయింది. దుబాయ్ మీదుగా వచ్చి దిగితే, ఇమిగ్రేషన్ కంటే ముందు ఉన్న హెల్త్ కౌంటర్లో కూర్చున్న అధికారి రెండు నంబర్లనీ వేలితో చూపించి "ఇది మీ కార్డేనా?" అన్నాడు. పాత పాస్‌పోర్టు సూట్‌కేసులో ఉంది, సూట్‌కేసు అవతల బెల్టు మీద తిరుగుతోంది. ఆయన తప్పేం లేదు, మాదే. గంట పైనే అయింది. కాళ్లు వాచిపోయి నేను హ్యాండ్ బ్యాగ్ మీదే కూర్చున్నాను. చివరికి మా ఆయన ఫోన్లో ఏదో వీసా కోసం ఎప్పుడో తీసిన పాత పాస్‌పోర్టు ఫొటో దొరికింది. పాత పాస్‌పోర్టు, పసుపు కార్డు, క్లినిక్ పుస్తకం, ఈ మూడూ మెడలో వేసుకునే సంచీలో పెట్టుకోండి, పైన పెట్టే బ్యాగులో కూడా వద్దు.

కాన్పు అక్కడే చేయించుకుంటామనేవాళ్లు కూడా ఉంటారు, తప్పేం కాదు. అప్పుడు బిడ్డ పుట్టిన ఏడాదిలోపు ఇండియన్ హైకమిషన్‌లో రిజిస్టర్ చేయించాలి, పాస్‌పోర్టు తీసుకున్నాకే ప్రయాణం. పచ్చి బాలింతగా ఆ ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక ఉంటుందా అని ఒకసారి ఆలోచించుకోండి. ఇక్కడైతే 21 రోజుల్లో జననం నమోదు చేస్తే సరిపోతుంది.

ఇంటికొచ్చాక

మీ ఇండియా సిమ్ చచ్చిపోకుండా చూసుకోండి. మూడు నెలలు వాడకపోతే నంబరు ఆపేసి తర్వాత వేరేవాళ్లకు ఇచ్చేయొచ్చు. ఆధార్ ఓటీపీ, బ్యాంకు ఓటీపీ అన్నీ దానికే వస్తాయి. నా నంబరు ఎవరో కాలేజీ కుర్రాడికి వెళ్లింది, పాపం మర్యాదగానే మాట్లాడాడు.

ఆశా వర్కర్‌ని ఇంటికి పిలిపించి పేరు నమోదు చేయించండి, ప్రైవేటులో చూపించుకున్నా సరే. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులకు ఉచితంగా చూస్తారు. ఉగాండా క్లినిక్ పుస్తకం చూపిస్తే టీడీ (ధనుర్వాతం రాకుండా వేసే) ఇంజెక్షన్ మళ్లీ వేయకుండా లెక్క కలుస్తుంది. కొన్నిచోట్ల "మధ్యలో వచ్చిన కేసు" అని పరీక్షలన్నీ మళ్లీ రాస్తారు. గొడవ పడకండి, ఏవి తప్పనిసరో అడగండి చాలు.

డాక్టర్‌ని ఎంచుకునేటప్పుడు ఆపరేషన్ గురించి మొదటి రోజే అడగండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. ఎంబాలేలో మిడ్‌వైఫ్‌ల చేతుల మీదుగా నడిచే వార్డు చూసొచ్చిన నాకు, ముహూర్తం అడిగి తారీఖు రాసుకునే పద్ధతి ఆశ్చర్యంగా అనిపించింది. తెలంగాణలో కొన్ని ప్రభుత్వ ఆస్పత్రుల్లో శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లు ఉన్నారు, కనుక్కోండి.

జ్వరం వస్తే "ఆఫ్రికా నుంచి వచ్చాను, మలేరియా చూడండి" అని మీరే చెప్పండి. మూడు వారాలకు నాకు జ్వరం వచ్చింది, వెళ్లిన క్లినిక్‌లో వైరల్ అన్నారు. మా ఆయన పట్టుబట్టి రక్త పరీక్ష చేయించాడు. మలేరియా లేదు, యూరిన్ ఇన్ఫెక్షన్ తేలింది. ఏదైతేనేం, తేలింది. అన్నట్టు ఎండ సంగతి చెప్పలేదు. ఎంబాలే వెయ్యి మీటర్లకు పైన ఉంటుంది, మేలో ఖమ్మం ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. వీలైతే ఏప్రిల్, మే తప్పించండి.

ఇక మనుషులు. "జీతం లేకుండా పనిచేశారా? మరి ఎందుకు వెళ్లినట్టు?" అని అడుగుతారు. మొదట్లో నేను వివరంగా చెప్పేదాన్ని, మూడో వాక్యానికి వాళ్ల కళ్లు టీవీ వైపు తిరిగేవి. మీ ఆయనతో అక్కడి సంగతులు మాట్లాడుకోండి, అక్కడి స్నేహితులకు వారానికోసారి ఫోన్ చేయండి, లేకపోతే ఆ ఏడాదిన్నర నిజంగా జరిగిందా అనిపిస్తుంది. నాకు పోయినట్టనిపించింది మాత్రం ఒక పలకరింపు. అక్కడ ఏ పని చేస్తున్నా, బట్టలు ఉతుకుతున్నా, దారిన పోయేవాళ్లు "జెబలేకో" అంటారు. చేస్తున్న పనికి మెచ్చుకోలు. ఒకరోజు అమ్మ నా కోసం చలిమిడి చేస్తుంటే నోటి నుంచి అదే మాట వచ్చేసింది. "ఏంటే?" అంది. చెప్పాను. పాకం చూస్తూనే, "అయితే రోజూ అను" అంది.

సూట్‌కేసులో చోటుంటే కితెంగే గుడ్డలు రెండు తెచ్చుకోండి. అక్కడ తల్లులు బిడ్డని వీపున కట్టుకునేది వాటితోనే, నూలువి చూసి కొనండి. నేను కట్టుకోవడం నేర్చుకునే వచ్చాను, కానీ పాపని వీపు మీద వేసుకోబోతే అమ్మ కెవ్వుమంది. ఒక గుడ్డ బీరువాలో ఉంది. రెండోది నాన్న దూలానికి కట్టాడు, మధ్యాహ్నం పూట పాప అందులోనే పడుకుంటోంది.