ల్యాబ్ భవనం కట్టించడం – ఐదో పాఠం: గాలి దారి

పోయిన పాఠంలో శ్లాబు, క్యూరింగ్, క్యూబు పరీక్షల వరకు వచ్చాం. సముద్రపు గాలి తగిలే చోట కట్టే ఆర్‌సీసీకి కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 కనీసం ఎం30 గ్రేడు కాంక్రీటు, కడ్డీల మీద 45 మిల్లీమీటర్ల కవరు ఎందుకు అడుగుతుందో చూశాం. అంతవరకు క్లాస్‌రూమ్ బ్లాకుకీ ల్యాబ్‌కీ పెద్ద తేడా ఉండదు. అసలు తేడా ఈ పాఠంలో మొదలవుతుంది.

మీలో కొందరు ఏఈలు, అంటే అసిస్టెంట్ ఇంజినీర్లు. ఇంకొందరు బిల్డింగ్ కమిటీలో పేరు పడిన కెమిస్ట్రీ లెక్చరర్లు. కాకుటూరులోని విక్రమ సింహపురి యూనివర్సిటీ కావచ్చు, ఒంగోలులోని ఆంధ్రకేసరి యూనివర్సిటీ కావచ్చు, వాటి కింద ఉన్న పాత డిగ్రీ కాలేజీ కావచ్చు, మీరు ఎక్కడ పని చూసినా ల్యాబ్‌లో గంటల తరబడి నిలబడే పిల్లలు ఏం పీలుస్తారన్నది మీ సంతకం మీద ఆధారపడి ఉంటుంది. టైల్స్ పగిలితే మార్చుకోవచ్చు. ఫాల్స్ సీలింగ్ వేశాక పైన గాలిని మోసే డక్టు ఎలా ఉందో ఎవరూ చూడరు. అందుకే సీలింగ్ మూసేలోపే మీ పని ముగియాలి.

ముందు లెక్క వేద్దాం. ల్యాబ్ పొడవు 10 మీటర్లు, వెడల్పు 8, ఎత్తు 3.5 అనుకోండి. గదిలో గాలి 280 ఘనపు మీటర్లు. అందులో 1.5 మీటర్ల వెడల్పున్న ఫ్యూమ్ హుడ్, అంటే రసాయనాల ఆవిరిని బయటికి లాగేసే అర ఉంది. దాని ముందు గాజు తలుపును 45 సెంటీమీటర్లు ఎత్తి పనిచేస్తారు. ఆ సందులో గాలి సెకనుకు సుమారు అర మీటరు వేగంతో లోపలికి పోవాలి. 1.5ని 0.45తో, వచ్చినదాన్ని 0.5తో గుణిస్తే సెకనుకు 0.3375, అంటే గంటకు 1,215 ఘనపు మీటర్లు. అలాంటి హుడ్లు రెండుంటే 2,430. గదిలో గాలి గంటకు ఎనిమిదిన్నర సార్లకు పైగా మారుతుంది. కెమిస్ట్రీ ల్యాబ్‌కు 6 నుంచి 12 సార్లు మారితే బాగుంటుందని సాధారణంగా చూస్తారు కాబట్టి ఈ లెక్క సరిపోయింది.

కానీ బయటికి పోయే ఆ 2,430 ఘనపు మీటర్ల స్థానంలోకి గాలి ఎక్కడి నుంచి వస్తుంది? ఎస్టిమేట్‌లో ఎక్కువగా మర్చిపోయేది ఇదే. గాలిని లాగే బ్లోయర్‌కు ఐటమ్ ఉంటుంది, డక్టుకు ఉంటుంది, లోపలికి వచ్చే గాలికి మాత్రం ఉండదు. స్ప్లిట్ ఏసీలు పెట్టాం కదా అంటారు. స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలిని తేదు. కిటికీలన్నీ మూసి రెండు హుడ్లూ ఆన్ చేస్తే, బయటికి తెరుచుకునే తలుపును లాగి తీయాల్సి వస్తుంది, తలుపు కింద సందులో ఈల వినిపిస్తుంది, హుడ్‌లో వేగం పడిపోతుంది. కాబట్టి హుడ్లకు ఎదుటి వైపు నుంచి, ఫిల్టరున్న లూవర్ (వాలు రెక్కల జాలీ) ద్వారా గాలి రావాలి. వచ్చేది పోయేదాని కంటే కొంచెం తక్కువగా ఉంచితే ల్యాబ్ వాసన కారిడార్‌లోకి రాదు.

హుడ్‌ను గుమ్మం పక్కనా, నడిచే దారిలోనూ పెట్టనివ్వకండి. మనిషి దాని ముందు నుంచి చకచకా నడిచి వెళ్లినా చాలు, హుడ్ లాగే గాలి కంటే ఆ కదలికే బలంగా ఉండి లోపలి ఆవిరిని బయటికి లాగేస్తుంది. సీలింగ్ ఫ్యాన్ ఇంకా చెడ్డది. మన ఎండలకు ఫ్యాన్ వద్దంటే ఎవరూ వినరు, అందుకే డ్రాయింగ్ దశలోనే హుడ్ల దగ్గర ఫ్యాన్ పాయింటు తీసేయించండి.

ఇక డక్టు. జీఐ షీటు (జింకు పూత ఉన్న ఇనుప రేకు) చవక, ఊళ్లోనే చేసిస్తారు. లోపల యాసిడ్ ఆవిరి, బయట ఉప్పు గాలి కలిసి దాన్ని తినేస్తాయి. పీవీసీ గానీ, పైన ఎఫ్ఆర్‌పీ (ఫైబర్ గ్లాస్) పూత ఉన్న పాలీప్రొపైలీన్ గానీ అడగండి. బ్లోయర్ టెర్రస్ మీదే ఉండాలి. అప్పుడు భవనంలో ఉన్న డక్టు మొత్తం గాలిని లోపలికి పీల్చుకునే స్థితిలో ఉంటుంది, ఎక్కడైనా జాయింటు వదులైనా విషవాయువు గదిలోకి రాదు. పని సులువని బ్లోయర్‌ను హుడ్ నెత్తినే, సీలింగ్ లోపల బిగిస్తే, ఆపైన ఉన్న ప్రతి జాయింటూ గదిలోకి ఆవిరి ఊదుతుంది.

టెర్రస్ మీద గొట్టం కనీసం 3 మీటర్లు లేవాలి, గాలి సెకనుకు 15 మీటర్ల వేగంతో నిటారుగా పైకి పోవాలి. వాన పడుతుందని దాని మీద టోపీ పెట్టిస్తారు. ఆ టోపీ ఆవిరిని మళ్లీ టెర్రస్ మీదికే తిప్పి పంపుతుంది, అక్కడి నుంచి తాజా గాలి లూవర్‌లోకి వెళుతుంది. వాన నీటికి గొట్టం అడుగున డ్రెయిన్ పెడితే సరి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. గొట్టాల కోసం శ్లాబులోనే స్లీవులు వదిలించి, చుట్టూ గట్టు కట్టించి, సెప్టెంబరులోపు వాటర్‌ప్రూఫింగ్ పూర్తి చేయించండి. తుఫాను గాలికి ఊగకుండా గొట్టానికి స్టే వైర్లు కూడా బిల్లులో చూపించండి.

పరీక్ష ఎలా చేయాలో చెబుతాను. ఒక కాలేజీలో కొత్త హుడ్ చూడ్డానికి వెళ్లినప్పుడు అటెండర్ స్విచ్ వేసి, ‘సౌండ్ వస్తోంది కదా సార్, బాగానే లాగుతోంది’ అన్నాడు. లోపల రసాయనాలేవీ లేవని చూసుకుని అగరబత్తి వెలిగించి గాజు తలుపు అంచున పట్టుకున్నాం. పొగ లోపలికి పోలేదు, అంచు దగ్గర సుడి తిరిగి మా మొహాల మీదికే వచ్చింది. సీలింగ్ పలక తీయిస్తే, మెత్తటి ఫ్లెక్సిబుల్ డక్టు బీమ్ కింద నలిగిపోయి ఉంది. సౌండ్ నిజమే, గాలే లేదు.

అగరబత్తితో దిశ తెలుస్తుంది, వేగానికి గాలి వేగం కొలిచే ఎనిమోమీటర్ కావాలి. తెరిచిన సందును అడుగు అడుగు గళ్లుగా ఊహించుకుని, ప్రతి గడి మధ్యలో కొలిచి రాయండి. సగటు సెకనుకు 0.4, 0.6 మీటర్ల మధ్య ఉండాలి. ఏ గడి అయినా సగటుకు 20 శాతానికి మించి తేడాగా ఉంటే కారణం వెతకండి. కొలతల కాగితం మీద కంట్రాక్టర్ సంతకం తీసుకున్నాకే ఆ ఐటమ్ కొలతల పుస్తకం ఎం-బుక్‌లోకి ఎక్కాలి.

పాత ల్యాబ్‌ను బాగుచేసేవాళ్లకు రెండు జాగ్రత్తలు. సింకు కింద ఉన్న వంపు గొట్టం యు-ట్రాప్‌ను సుత్తితో కొట్టనివ్వకండి. దశాబ్దాలుగా పగిలిన థర్మామీటర్ల పాదరసం ఆ బురద అడుగున మెరిసే గుండ్లుగా కూర్చుని ఉంటుంది. కింద ప్లాస్టిక్ టబ్ పెట్టి, నట్టు విప్పి, దొరికినదాన్ని నీళ్లున్న సీసాలో మూతపెట్టి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే అధీకృత సంస్థకు అప్పగించాలి. వ్యాక్యూమ్ క్లీనర్ వాడితే పాదరసం ఆవిరై గదంతా నిండుతుంది. ఇక పాత డక్టులు, షీట్లు ఆస్‌బెస్టాస్‌వి అయితే కట్టర్ పెట్టకుండా, తడిపి, పలకలుగానే దించాలి.

గాలి పాఠంలో నీళ్ల సంగతి ఎందుకంటారేమో, ఇది కూడా సీలింగ్ మూసేలోపు తేల్చాల్సిందే. ఒంటిమీద యాసిడ్ పడిన పిల్లవాడు పది సెకన్లలో ఎమర్జెన్సీ షవర్ కిందికి చేరాలి. ఆ షవర్ నిమిషానికి 75 లీటర్ల చొప్పున 15 నిమిషాలు పారాలి, అంటే 1,125 లీటర్లు. టెర్రస్ మీద 500 లీటర్ల ట్యాంకు ఏడు నిమిషాలకు కూడా రాదు. ఇంకో సంగతి, ఆ నీళ్లు 16, 38 డిగ్రీల మధ్య ఉండాలి. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం టెర్రస్ ట్యాంకు నీళ్లు చేతిమీద పోసుకుని చూడండి, అవి కాలిన చర్మం మీద, కళ్ల మీద పడితే ఏమవుతుందో మీకే తెలుస్తుంది. ట్యాంకుకు నీడ, ఎండలో నడిచే పైపుకు ఇన్సులేషన్ ఎస్టిమేట్‌లోనే పెట్టండి, తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు.

అభ్యాసం: మీ దగ్గరున్న ఏదైనా ల్యాబ్‌కు టేపు తీసుకుని వెళ్లి, పై లెక్క ఆ గదికి వేయండి. బయటి గాలి వచ్చే దారి ఎన్ని చోట్ల ఉందో స్కెచ్‌లో గుర్తు పెట్టండి.

వచ్చే పాఠం టేబుళ్ల పైరాయి గురించి. మన చీమకుర్తి గెలాక్సీ నల్లరాయిని గ్రానైట్ పేరుతోనే అమ్ముతారు గానీ, భూగర్భ శాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతి రాయి. ఏ రాయి ఎంత యాసిడ్‌కు నిలుస్తుందో మనమే పరీక్షించబోతున్నాం. క్వారీ షెడ్డులోనో మార్బుల్ షాపులోనో రెండు మూడు రకాల ముక్కలు అడిగి తెచ్చి ఉంచుకోండి.